నోరు లేని ఖాతా

చీటీ పాట దగ్గర కూర్చునే వాళ్లకు అర్థశాస్త్రం చదవకుండానే ఒక సంగతి తెలుసు. లక్ష రూపాయల చీటీ అనుకోండి. 20 మంది సభ్యులు, నెలకు రూ.5,000, 20 నెలలు. రెండో నెలలోనే ఒకాయన కూతురి పెళ్లి పెట్టుకుని, పాటను రూ.25,000 దాకా తీసుకెళ్లాడు. ఇక ఆయన చేతికి వచ్చేది రూ.75,000. వదులుకున్న పాతికవేలలోంచి, లక్ష మీద 5 శాతం కమిషన్ రూ.5,000 పోగా, మిగిలిన రూ.20,000 తలా వెయ్యి చొప్పున అందరికీ పంచుతారు. ఆ నెల ఎవరైనా కట్టాల్సింది నాలుగు వేలే. ఆయనది తొందర, మిగతావాళ్లది ఓపిక. ఆ తొందర ఖరీదెంతో పదిమంది ముందు పైకి చెప్పారు, ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాడు.

ఇంట్లో ఇలాంటి పాట జరగదు. చిక్కంతా అక్కడే.

‘అవ్వా కావాలి, బువ్వా కావాలి’ అని ఎద్దేవా చేస్తుంటాం. ఆ మాట మీద నాకు చిన్న అభ్యంతరం ఉంది. సొంతిల్లు, పిల్లల చదువు, ఊళ్లో అమ్మానాన్నల మందులు, రేపటి ముసలితనానికి నాలుగు రాళ్లు... ఇందులో దురాశ ఏది? అన్నీ న్యాయమైన కోరికలే. జీతం ఒక్కటే కావడంతో వచ్చింది తంటా. ఒకదానికి పెట్టిన రూపాయి ఇంకోదానికి ఉండదు. అలా చేజారిన ఆ రెండోదాన్నే అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది.

అయితే కోరికలన్నిటికీ నోరు ఒకేలా ఉండదు. ఈఎంఐ ఐదో తారీఖున తనంతట తానే ఖాతాలోంచి తీసుకుంటుంది. స్కూలు వాళ్లు ఫీజు గడువు దాటితే ఫోన్ చేస్తారు. పెళ్లికి ముహూర్తం ఉంటుంది, చుట్టాల కళ్లూ ఉంటాయి. ముసలితనం మాత్రం ఫోన్ చేయదు. నిద్ర, నడక, చేయించుకోవాల్సిన పంటి వైద్యం కూడా అంతే. కాబట్టి ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే కోత వీటి మీద పడుతుంది. ‘ఈ సంవత్సరానికి ఆగుదాంలే’ అంటాం.

ఆగితే ఏమవుతుందో ఒక్క లెక్క చూద్దాం. నెలకు రూ.10,000 చొప్పున 20 ఏళ్లు, 8 శాతం వడ్డీ వచ్చే చోట వేస్తే, కట్టేది రూ.24 లక్షలు, చివరికి చేతికొచ్చేది దాదాపు రూ.59 లక్షలు. మొదటి పదేళ్లు ఆగి, తర్వాతి పదేళ్లు మాత్రమే వేస్తే కట్టేది సగం, అంటే రూ.12 లక్షలు. వచ్చేది మాత్రం సగం కాదు, మూడో వంతు కూడా కాదు: రూ.18 లక్షల పైచిలుకు. వడ్డీ మీద వడ్డీ పెరగడానికి కావాల్సిన కాలాన్ని మనం మొదట్లోనే ఖర్చు పెట్టేశాం మరి.

ఇంటి అప్పుదీ ఇదే తీరు, కాకపోతే ఎదురు దిక్కున. రూ.40 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు రూ.34,700 ప్రాంతం. వాయిదాలన్నీ కూడితే రూ.83 లక్షలు దాటుతుంది. ఇల్లు కొనొద్దని నా ఉద్దేశం కాదు. మూడో పడకగది ధర చదరపు అడుగుల్లో మాత్రమే లేదని చెబుతున్నాను.

హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ పండితుడు (1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు) మనిషి నిర్ణయాలను చాలాకాలం పరిశీలించి, ఎవరూ అన్నిటికంటే మేలైనది వెతకలేరని, తమకు ‘ఇది చాలు’ అనిపించే గీత దగ్గర ఆగుతారని అన్నాడు. మన ఇళ్లలో ఆ గీత గీసుకోవడమే కష్టం, ఎందుకంటే పక్కింటివాళ్లు వాళ్ల గీతను చెరిపి ఇంకా పైన గీస్తుంటారు. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి నేనైతే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇది తర్వాత దొరుకుతుందా? చదువుకు బ్యాంకు అప్పిస్తుంది. ఇల్లు ఐదేళ్లు ఆలస్యమైతే ధర పెరగొచ్చు, అయినా దొరుకుతుంది. మూడేళ్ల పిల్ల మూడేళ్ల పిల్లగా మళ్లీ దొరకదు. ఎనభై ఏళ్ల తండ్రితో గడిపే సంక్రాంతి కూడా అంతే.

నాకు తెలిసిన ఒక జంట ఈ మధ్య నోటుపుస్తకం తెరిచి, కుడి పేజీలో కావాల్సినవి, ఎడమ పేజీలో వాటికోసం వదులుకుంటున్నవి రాశారు. కుడివైపు పది నిమిషాల్లో నిండిపోయింది. ఎడమవైపు ఆయన ‘టూర్లు’ అని రాసి పెన్ను ఆమెకిచ్చాడు. ఆమె కాసేపు ఆలోచించి ‘నా బీఈడీ’ అని రాసింది. వాయిదా వేసి నాలుగేళ్లయిందట. అది ఇంకా ఆమె మనసులో ఉందని ఆయనకు తెలియదు.

కొత్త కారుకు ఇవ్వాల్సిన అడ్వాన్సు సంగతి ఆ రాత్రి మళ్లీ మొదటినుంచి మాట్లాడుకున్నారు.