తల్లి తినే తిండి – బిడ్డలో ఒత్తిడి హార్మోను

"కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని పెద్దవాళ్లు చెబుతుంటారు. ఆ మాట నమ్మి కడుపు మాడ్చుకునే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అయితే తల్లి తిండి ప్రభావం బిడ్డ బరువుతోనే ఆగిపోదు. పెద్దయ్యాక ఆ బిడ్డ శరీరం ఒత్తిడిని ఎలా తట్టుకుంటుందన్నది కూడా కొంతవరకు దాని మీద ఆధారపడి ఉంటుంది.

కార్టిసాల్ అంటే ఏమిటి?

మూత్రపిండాల పైన అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. భయం, జబ్బు, ఆకలి వంటి ఒత్తిడి కలిగినప్పుడు ఇవి కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. గర్భంలోని బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి ఇది అవసరమే. కాని మోతాదు మించితే బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది.

మాయ కాపలా

గర్భిణి రక్తంలో కార్టిసాల్ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. అదంతా బిడ్డకు చేరకుండా మాయలోని ఒక ఎంజైము చాలా భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. మాంసకృత్తులు తక్కువగా ఉన్న మేత పెట్టిన ఎలుకల్లో ఈ ఎంజైము బలహీనపడింది. వాటి పిల్లలకు తర్వాత రక్తపోటు పెరిగింది.

మదర్‌వెల్ నేర్పిన పాఠం

అలాగని మాంసకృత్తులే తింటే మంచిదా? స్కాట్లండ్‌లోని మదర్‌వెల్ పట్టణంలో 1960లలో గర్భిణులకు రోజుకు దాదాపు అరకిలో మాంసం తినమని, రొట్టె, బంగాళాదుంపలు తగ్గించమని సలహా ఇచ్చారు. గుర్రపువాతం రాకుండా చూడాలన్నది వారి ఉద్దేశం. 1967-68లో పుట్టిన ఆ బిడ్డలను సుమారు ముప్ఫయ్యేళ్ల వయసులో పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. మాంసం, చేపలు ఎక్కువ తిన్న తల్లుల బిడ్డల్లో కార్టిసాల్ ఎక్కువగా, ఆకుకూరలు ఎక్కువ తిన్నవారి బిడ్డల్లో తక్కువగా ఉంది. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సలహా అయినా సమతూకం తప్పింది.

అతిమధురంతో జాగ్రత్త

దగ్గుకు వాడే అతిమధురం వేరులోని పదార్థం మాయలోని ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు బాగా తిన్న తల్లుల పిల్లల్లో ఎనిమిదేళ్ల వయసులో కార్టిసాల్ ఎక్కువగా కనిపించిందని 2010లో తేలింది. గర్భిణులు డాక్టరును అడగకుండా అతిమధురం కషాయాలు తాగవద్దు.

మరి ఏం తినాలి?

• అన్నం, జొన్నరొట్టె లేదా రాగిసంకటి మానవద్దు.
• ప్రతి పూటా పప్పు, గుడ్డు, పాలు, చేపలలో ఏదో ఒకటి ఉండాలి.
• రోజూ ఆకుకూర, ఒక పండు తినండి.
• ఒకేసారి తినలేకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. పస్తులుండవద్దు.
• ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానవద్దు.
• మధుమేహం ఉన్నవారు డాక్టరు చెప్పిన ఆహార నియమాలే పాటించాలి.

వేవిళ్ల వల్ల కొన్ని రోజులు సరిగా తినలేకపోయానని ఏ తల్లీ దిగులు పడనక్కరలేదు. బిడ్డ ఆరోగ్యాన్ని తిండి ఒక్కటే నిర్ణయించదు. అత్తగార్లు, భర్తలు కూడా ఈ విషయం గమనించాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది కాదు, అందరికంటే ముందు వేడి అన్నం గర్భిణికి వడ్డించండి.