అక్వేరియం మొక్కల ఆకులు ఎందుకు పసుపెక్కుతాయి?

చేపల తొట్టెలో మొక్క వాడిపోతోందా? ముందు చూడాల్సింది, పాడైంది ముదురాకా, లేతాకా అని.

ఎందుకు?
నత్రజని కరవైతే మొక్క దాన్ని ముదురాకుల్లోంచి తీసి చిగుళ్లకు పంపుతుంది. అందుకే అడుగు ఆకులు ముందు పసుపెక్కుతాయి. పొటాషియం చాలకపోతే ముదురాకులకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడి, వాటి అంచులు పసుపెక్కుతాయి. ఇనుము అలా సులువుగా కదలదు. అది తగ్గితే చిగుళ్లే పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి.

కొత్తగా తెచ్చిన క్రిప్టోకోరైన్ మొక్క ఆకులు కరిగిపోతే కంగారుపడి పారేయకండి. నర్సరీల్లో దీన్ని తరచూ నీటి పైనే పెంచుతారు. నీళ్లలో మునగగానే పాత ఆకులు రాలతాయి. వేళ్లు గట్టిగా ఉంటే కొత్తవి వస్తాయి.

ఎలా కాపాడాలి?
రోజుకు 6 నుంచి 8 గంటల వెలుతురు చాలు. ఎక్కువైతే గాజుకూ ఆకులకూ పాచి పడుతుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి. అనుబియాస్, జావా ఫెర్న్ దుంపలను ఇసుకలో పాతితే కుళ్లిపోతాయి. రాయికో చెక్కకో దారంతో కట్టండి.

చిల్లులు పడ్డ ఆకు మళ్లీ పూడదు, కత్తిరించేయండి. లోపించిన పోషకానికి ఎరువు వేస్తే, అది పనిచేసిందో లేదో ఆ తర్వాత వచ్చే ఆకులను చూసి తేల్చుకోవాలి.