పాలపళ్ల పందెగాళ్లు, వాటి తండ్రులు

◆ మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకు పాలపళ్ల విభాగమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కోడెల నోరు తెరిచి చూసి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీసి పోటీ పెడతారు. రేసు గుర్రాల్లోనూ పాలపళ్ల పందేలున్నాయి. గుర్రానికి నడిమి పాలపళ్లు రెండున్నరేళ్లకు ఊడతాయి. వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు ఊడతాయి. అంటే రెండేళ్ల గుర్రాల పందెంలో దిగినవాటిలో చాలావాటికి ముందరివన్నీ ఇంకా పాలపళ్లే. ఆ లేత వయసులోనే గెలిచే పిల్లల్ని ఏ మగ గుర్రం ఇస్తుందో పసిగట్టడం మీదే ప్రపంచంలోని పెద్ద పెద్ద స్టడ్ ఫారాలు బతుకుతున్నాయి.

◆ మన ప్రాంతానికి దగ్గరి రేసు మైదానం హైదరాబాద్ మలక్‌పేటలో ఉంది. నల్లగొండ, సూర్యాపేట బస్సులు దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఆ మలక్‌పేట మీదుగానే ఎంజీబీఎస్ చేరతాయి. హైదరాబాద్ పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా మలక్‌పేటకు మార్పించారు. రేసు పుస్తకంలో ప్రతి గుర్రం పేరు కిందా తండ్రి పేరు, తల్లి పేరు అచ్చువేస్తారు. చాలామంది ఆ వరుసను చూడకుండా జాకీ పేరు దగ్గరే ఆగిపోతారు. నిజానికి సగం కథ ఆ వరుసలోనే ఉంటుంది.

◆ ఇవాళ లోకంలో ఉన్న థరోబ్రెడ్ అనే రేసు జాతి గుర్రాలన్నిటి మగవంశం మూడే మూడు గుర్రాల దగ్గరికి పోతుంది. అవి బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. వాటిలోనూ నూటికి తొంభైకి పైగా డార్లీ అరేబియన్ వంశమే. ఆ వంశంలో పుట్టిన ఎక్లిప్స్‌కు ఆ పేరు రావడానికి కారణం అది 1764 సూర్యగ్రహణం నాడు పుట్టడం. దిగిన 18 పందేల్లో ఒక్కటీ ఓడలేదు.

◆ పశువు ఎదకొస్తే గోపాలమిత్రకు ఫోన్ చేస్తాం. ఆయన ద్రవ నత్రజనిలో దాచిన వీర్యం గొట్టంతో వచ్చి సూది వేసి పోతాడు. థరోబ్రెడ్‌లలో ఆ పద్ధతి నిషిద్ధం. మగ గుర్రం స్వయంగా దాటితే పుట్టిన పిల్లనే వంశావళి పుస్తకంలో ఎక్కిస్తారు. అందువల్ల ఎంత గొప్ప మగ గుర్రమైనా ఒక సీజన్లో కొన్ని వందల ఆడ గుర్రాలకు మించి దాటడం కష్టం. ఐర్లండ్‌లో సీజన్ ముగిశాక కొన్నిటిని విమానమెక్కించి ఆస్ట్రేలియా పంపుతారు. అక్కడ రుతువులు తలకిందులు కాబట్టి రెండో సీజన్ కలిసొస్తుంది.

◆ భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టిన ప్రతి రేసు గుర్రానికీ పుట్టినరోజు జనవరి 1. జనవరిలో పుట్టినా మే నెలాఖరులో పుట్టినా ఒకే వయసుగా లెక్క. నాలుగు నెలలు పెద్దదైన పిల్లతో రెండేళ్లప్పుడు పోటీ పడటమంటే చిన్నదానికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. గుర్రం సూడి కాలం పదకొండు నెలలు. జనవరి, ఫిబ్రవరిలోనే ఈనాలంటే అంతకు ముందటి ఫిబ్రవరిలోనే ఆడ గుర్రం ఎదకు రావాలి. కానీ పగలు పొడుగైతే తప్ప అది సహజంగా ఎదకు రాదు. అందుకే చలికాలంలో కొట్టంలో దీపాలు పెట్టి రోజుకు పదహారు గంటల వెలుగు చూపిస్తారు.

◆ ఒక మగ గుర్రాన్ని ఈ ఏడాది దాటిస్తే పిల్ల వచ్చే ఏడాది పుడుతుంది. అది పందెంలో దిగేసరికి మరో రెండేళ్లు. ఈ మూడేళ్లూ పెంపకందారు చేతిలో ఉండేది నమ్మకమొక్కటే. అమెరికాలో ఇన్‌టు మిస్చీఫ్ అనే గుర్రం 2007లో రెండేళ్ల వయసులోనే పెద్ద పందెం గెలిచింది. 2009లో స్టడ్ ఫారానికి వచ్చినప్పుడు దాని దాటు రుసుము 12,500 డాలర్లు. పిల్లలు మైదానంలోకి రాకముందే గిరాకీ తగ్గి రుసుము 7,500కు పడిపోయింది. తర్వాత పిల్లలు పరుగెత్తాయి. 2019 నుంచి అమెరికాలో ఏళ్ల తరబడి వరసగా అగ్రస్థానం దానిదే, 2023లో రుసుము 2,50,000 డాలర్లు. ధర పడిపోయిన రోజుల్లో తమ ఆడ గుర్రాల్ని దానికే కట్టించిన రైతులంటే నాకు గౌరవం.

◆ 2006లో ద గ్రీన్ మంకీ అనే రెండేళ్ల గుర్రం వేలంలో కోటీ అరవై లక్షల డాలర్లు పలికింది. వేలానికి ముందు పెట్టిన పరుగు పరీక్షలో అది మెరుపులా దూసుకుపోయింది మరి. మూడు పందేల్లో దిగి ఒక్కటీ గెలవలేదు. మొత్తం సంపాదన 10,440 డాలర్లు. అంతకు ముందు 1983లో కోటి డాలర్లు దాటిన మొదటి ఏడాది పిల్ల స్నాఫీ డ్యాన్సర్. అది పందెం ముఖమే చూడలేదు. స్టడ్ ఫారానికి పంపితే నాలుగే పిల్లలు పుట్టాయి.

◆ ఎత్తు చూసి మోసపోయినవాళ్లూ ఉన్నారు. నార్తర్న్ డ్యాన్సర్ 1961 మే 27న, అంటే ఆలస్యంగా పుట్టింది. పెరిగాక కూడా భుజం దగ్గర ఎత్తు అయిదడుగుల రెండంగుళాలే. ఏడాది పిల్లగా 25,000 డాలర్లకు అమ్మజూపితే కొనేవాళ్లే లేరు. 1964లో కెంటకీ డెర్బీని రెండు నిమిషాల్లో ముగించి గెలిచింది. 1980లలో దాన్ని ఒక్కసారి దాటించడానికి పది లక్షల డాలర్లు ఇచ్చారు, సూడి కట్టకపోయినా డబ్బు వాపసు లేదన్న షరతుకు ఒప్పుకుని మరీ.

◆ ఆ నార్తర్న్ డ్యాన్సర్ కొడుకొకటి మన దేశానికీ వచ్చింది. పేరు రజీన్. 1990లో ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీకి ఫేవరెట్‌గా దిగి వెనకెక్కడో మిగిలిపోయింది. ఆ ఓటమి చూసినవాళ్లు దాని పిల్లల మీద ఆశ పెట్టుకోలేదు. ఇక్కడ ఉషా స్టడ్‌లో మాత్రం అది ఛాంపియన్ సైర్, అంటే పిల్లల సంపాదనలో అగ్రస్థానంలో నిలిచిన తండ్రి అయ్యింది. తాను ఓడిన పందెం గుర్రం రక్తాన్ని మార్చదు.

◆ పందేనికి ముందు గుర్రాల్ని తిప్పే ప్యాడక్‌లో అనుభవమున్నవాళ్లు ఎక్కడ నిలబడతారో గమనించండి. పక్కనుంచి కాదు, గుర్రం ఎదురుగా నడిచొచ్చే మూలలో. ముందు కాళ్లు తిన్నగా పడుతున్నాయా, మోకాలు లోపలికి గానీ బయటికి గానీ వంగి ఉందా అనేది అక్కడే తెలుస్తుంది. తర్వాత గుర్రం దాటిపోతుంటే నేల చూస్తారు. ముందు గిట్ట వేసిన ముద్ర మీద వెనక గిట్ట పడిందా, దాన్ని దాటి ముందుకు పడిందా? ఎంత దాటితే అంత పొడుగు అంగ. మగ గుర్రాన్ని కొనేటప్పుడు కూడా ఇదే నడకను ఇంకా ఓపికగా, మళ్లీ మళ్లీ తిప్పించి చూస్తారు. ఎందుకంటే వంకర మోకాలు పిల్లలకు దిగితే పాలపళ్ల వయసులోనే అది దెబ్బతినే ప్రమాదముంది. మోకాలి దగ్గర ఎముక పెరిగే పొర రెండేళ్లు దాటేదాకా పూర్తిగా గట్టిపడదు. మంచి ట్రైనర్ ఎక్స్‌రే తీయించి, ఆ పొర మూసుకున్నాకే గట్టి పరుగు పెట్టిస్తాడు.

◆ ఎద్దును కొనేటప్పుడు మన పెద్దలు సుడులు చూసేవాళ్లు. గుర్రానికీ అంతే. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాల గ్రంథమే రాశాడు. నేటి రేసు గుర్రం పాస్‌పోర్టులోనూ సుడులన్నీ బొమ్మ మీద గుర్తుపెట్టి ఉంటాయి. శుభాశుభాల కోసం కాదు, అచ్చం ఒకేలా ఉండే రెండు గుర్రాల్లో ఏది ఏదో తేల్చడానికి.

◆ మగ గుర్రాన్ని అంచనా వేసే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచేది ఇది. పేరున్న మగ గుర్రానికి పేరున్న ఆడ గుర్రాల్నే కట్టిస్తారు. పిల్లలు గెలిస్తే గొప్పదనం తండ్రిదా, తల్లిదా? దీనికి అమెరికా వాళ్లు రెండు లెక్కలు కట్టారు. మొదటిది, ఈ మగ గుర్రం పిల్లల సగటు సంపాదన. దేశ సగటును 1.00 అనుకుంటే ఇది ఎంత? రెండోది, ఇవే తల్లులు వేరే మగ గుర్రాలకు కన్న పిల్లల సగటు సంపాదన ఎంత? మొదటి అంకె 2.00 ఉన్నా రెండోది 2.50 ఉంటే ఆ మగ గుర్రం తల్లుల స్థాయిని దించుతోందన్నమాట. మొదటిది 1.40, రెండోది 1.00 అయితే ఆ పేరులేని గుర్రమే అసలు సరుకు. హాలియా చుట్టుపక్కల ఊళ్లలో పాడి రైతులు ఈ లెక్క కాగితం లేకుండానే వేస్తారు. అదే బర్రె, రెండు ఈతలు, రెండు వేర్వేరు దున్నలు, ఏ పెయ్య ఎక్కువ పాలిచ్చింది? తల్లి ఒకటే కాబట్టి తేడా తండ్రిదేనని తేలుస్తారు. ఒక్క బర్రెతో తేలదు, పది పన్నెండు బర్రెల్లో అదే తేడా కనబడాలి. గుర్రాల లెక్కకూ అంతే, పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ నమ్మకం పెరుగుతుంది.

◆ 2010లో డబ్లిన్‌లో ఎమెలీన్ హిల్ బృందం ఒక జన్యువును గుర్తించింది. కండ పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువది. అందులో సి, టి అని రెండు రకాలు. తల్లిదండ్రులిద్దరి నుంచీ సి వచ్చిన గుర్రం తొందరగా కండపట్టి పొట్టి పందేల్లో మెరుస్తుంది. రెండూ టి అయితే ఆలస్యంగా ఎదిగి దూరపు పందేల్లో నిలుస్తుంది. చెరొకటి వస్తే మధ్యదూరం. రెండు సి లున్న మగ గుర్రం ప్రతి పిల్లకూ ఒక సి తప్పకుండా ఇస్తుంది, కాబట్టి పాలపళ్ల పందేలు కోరేవాళ్లకు అదే కావాలి.

◆ అయినా ఒక్క జన్యువుతో అన్నీ తేలవు. జస్టిఫై అనే గుర్రం రెండేళ్ల వయసులో ఒక్క పందెమూ ఆడలేదు. మూడేళ్లకు, 2018లో, అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. రెండేళ్లప్పుడు పరుగెత్తకుండా కెంటకీ డెర్బీ గెలవడం 1882 తర్వాత అదే మొదలు. దాని కొడుకు సిటీ ఆఫ్ ట్రాయ్ మాత్రం 2023లో యూరప్‌లో రెండేళ్ల గుర్రాల ఛాంపియన్.

◆ ఎడిన్‌బరో పరిశోధకులు 2008లో తేల్చిన మాట ఒకటి పెంపకందార్లకు రుచించలేదు. గుర్రాలు జీవితకాలంలో సంపాదించే బహుమతి సొమ్ములో కనబడే తేడాల్లో జన్యువుల వాటా పదో వంతేనట. మిగిలింది మేత, శిక్షణ, జాకీ, పందేల ఎంపిక. ఎక్కువ రుసుము ఉన్న మగ గుర్రం మంచి జన్యువులిస్తుందన్న భరోసా కూడా లేదన్నారు.

◆ మేత మాటకొస్తే మార్కోపోలో గుర్తొస్తాడు. పదమూడో శతాబ్దంలో దక్షిణ తీరంలో మాబార్ చూసిన ఆయన, అక్కడ మేలుజాతి మగ గుర్రాన్ని మేలుజాతి ఆడ గుర్రానికి కట్టించినా వంకర కాళ్ల పిల్లే పుడుతోందని రాశాడు. వాటికి వండిన అన్నం, మాంసం పెడుతున్నారనీ రాశాడు. తండ్రిని నిందించే ముందు తొట్టి చూడాలి. ఆ తీరంలో ఏటా ఓడల్లో దిగిన అరబ్బీ గుర్రాలకు అంత గిరాకీ ఉండటానికి అక్కడ మంచి పిల్లలు పుట్టకపోవడం ఒక కారణం.

◆ 1973లో బెల్మాంట్ పందేన్ని 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచిన సెక్రటేరియట్ చనిపోయాక పరీక్షించిన పశువైద్యుడు గుండె బరువు పది కిలోలుంటుందని అంచనా కట్టాడు. మామూలు గుర్రానికి నాలుగు కిలోల చిల్లర. తూచలేదు, చేతి అంచనాయే. అంత గుర్రానికీ కొడుకులు ఆశించినంతగా రాణించలేదు. కూతుళ్ల కడుపున మాత్రం ఏపీ ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్ పుట్టి ముగ్గురూ మహా తండ్రులయ్యారు.

◆ కూతుళ్ల దారిలోనే మరో వంశముంది. 1913లో రెండేళ్ల వయసులో ఏడింటికి ఏడు గెలిచిన ద టెట్రార్క్‌కు ఆడ గుర్రాలంటే ఆసక్తే లేదు. పిల్లలు చాలా తక్కువ. అందులో ఒక కూతుర్ని ఆగాఖాన్ కొని పందేలకు దించాడు. దాని పేరు ముంతాజ్ మహల్. దాని కూతురు ముంతాజ్ బేగం, ఆమె కొడుకు నస్రుల్లా, వాడి కొడుకు బోల్డ్ రూలర్, వాడి కొడుకే సెక్రటేరియట్.

◆ 1994–96 మధ్య వరసగా పదహారు పందేలు గెలిచిన సిగార్ అనే గుర్రానికి 34 ఆడ గుర్రాల్ని కట్టించారు. ఒక్కటీ సూడి కట్టలేదు. రెండున్నర కోట్ల డాలర్ల బీమా చెల్లించాల్సి వచ్చింది.

◆ జాన్ హెన్రీ అనే గుర్రాన్ని 1,100 డాలర్లకు కొన్నారు. కోపిష్టిదని విత్తులు తీయించారు. తర్వాత 65 లక్షల డాలర్లు గెలిచింది. దానికి వంశం మాత్రం మిగల్లేదు.

◆ ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు పెట్టుకున్న కోడె 1960ల మొదట్లో బ్రెజిల్ చేరింది. నెల్లూరు పేరుతో అక్కడ పెరిగిన నెలోర్ జాతిలో ఆ ఒక్క ఆంబోతు రక్తం ఎన్ని మందల్లోకి పాకిందో చూస్తే, సూది పద్ధతి ఒక తండ్రికి ఎంత బలమిస్తుందో తెలుస్తుంది. థరోబ్రెడ్‌లకు ఆ బలం లేదు.

◆ దుబాయ్ మిలేనియం పది పందేల్లో తొమ్మిది గెలిచి, స్టడ్‌లో మొదటి సీజన్లోనే, 2001లో జబ్బుచేసి పోయింది. మిగిలినవి యాభై ఆరు పిల్లలు. అందులో ఒకటైన దుబావీ తండ్రి పోయాక, 2002లో పుట్టింది. రెండేళ్ల వయసులో దిగిన మూడు పందేలూ గెలిచింది. 2022లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఛాంపియన్ సైర్ అదే.