నౌకరీ కోసమేనా ఉరుకుడు? ఇంటిల్లిపాది కలిసి 21 కిలోమీటర్లు

పొద్దుగాల ఐదు గంటలకు ఏ మండల కేంద్రంల గ్రౌండుకు పోయినా పది ఇరవై మంది పోరగాండ్లు చుట్లు కొడుతున్నరంటే, పోలీసు నోటిఫికేషన్ వడ్డదనో, వడబోతున్నదనో లెక్క. రెండు మూడు నెలలు గ్రౌండు కళకళలాడుతది. ఈవెంట్లు అయిపోయిన తెల్లారి నుంచి మల్ల అండ్ల బర్లు మేస్తయి. సెలక్ట్ అయినోళ్లు ట్రైనింగుకు పోతరు. కానోళ్లు బూట్లు సజ్జ మీద పడేస్తరు. ఏజ్ దాటినోళ్లకైతే ఇగ ఉరుకుడుతోని పనే లేదు.

అంటే మన ఊర్లల్ల ఉరుకుడు ఒక పరీక్ష అయిపోయింది. పరీక్ష ఒక్కడే రాస్తడు, తప్పితె ఒక్కడే తప్పుతడు. ఇంట్లున్న అమ్మ, నాయిన, అక్క, చెల్లె ఎవ్వలూ అండ్ల ఉండరు. "నౌకరీ రాలే గదా, ఇగ ఎందుకురా ఉరుకుడు" అంటే జవాబు చెప్పనీకె గూడ ఏం ఉండది. నేననేది ఏందంటే, ఈ లెక్కను ఉల్టా చెయ్యొచ్చు. నౌకరీతోని సంబంధం లేకుంట, ఇంటోళ్లు, దోస్తులు కలిసి ఒక దూరం ఒప్పుకొని, నాలుగు నెలలు తయారై, ఒకనాడు ఆ దూరం పోయి రావచ్చు. దానికి మంచి కొలత హాఫ్ మారథాన్.

ఏందీ కొలత

ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908ల లండన్ ఒలింపిక్స్‌ల ఉరికిన దూరం అది. 1921ల దాన్నే పక్కా కొలతగా ఖాయం చేసిన్రు. అండ్ల సగం హాఫ్ మారథాన్, అంటే సుమారు 21.1 కిలోమీటర్లు. మన లెక్కల చెప్పాలంటే, పది కిలోమీటర్ల అవతలున్న మండల కేంద్రానికి పోయి, సంతల జర సేపు తిరిగి, మల్ల ఇంటికొచ్చినంత. మన తాతలు ఎడ్లను తోలుకొని అంగడికి నడిచి పోయి వచ్చిన దూరమే ఇది.

మన దేశంల ఈ దూరాన్ని గంట 30 సెకన్లల్ల ఉరికినోడు అవినాష్ సాబ్లే. 2020ల ఢిల్లీల ఉరికిండు. ఆయనది మహారాష్ట్ర బీడ్ జిల్లాల ఒక చిన్న ఊరు, రైతుల ఇల్లు. చిన్నప్పుడు బడికి కిలోమీటర్ల కొద్ది నడుచుకుంట, ఉరుక్కుంట పోయినోడే. అయితే మనం ఆయనతోని పోటీకి పోతలేం. మనకు కావాల్సింది వేగం గాదు, దూరం.

పోలీసు ఉరుకుడు వేరు, ఇది వేరు

మన పోరగాండ్లు ముందుగాల తప్పేది ఈడ్నే. 2022 తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్లల్ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల అయిపోవాలె. అంటే కిలోమీటరు నాలుగున్నర నిమిషాలల్ల. దానికి అలవాటు పడ్డోడు హాఫ్ మారథాన్ గూడ అదే ఊపుల మొదలుపెడతడు. అదే ఊపుల ఆఖరు దాక పోతే గంటన్నర జర దాటి అయిపోవాలె. ఏండ్ల తరబడి సాధన చేసినోళ్లకే సాధ్యమయ్యే పని అది. కొత్తోడు మూడు నాలుగు కిలోమీటర్లకే కడుపు పట్టుకొని కూసుంటడు. "నాతోని కాదు" అని ఇంటికి పోతడు. కానిది ఆయనతోని గాదు, ఆ వేగంతోని.

చానా పోటీలల్ల హాఫ్ మారథాన్‌కు మూడు నుంచి మూడున్నర గంటల దాక టైం ఇస్తరు. మూడున్నర గంటలంటే కిలోమీటరుకు దగ్గర దగ్గర పది నిమిషాలు. అది జోరుగ నడిచే నడక. జర ఉరికి, జర నడిచినా పూర్తయితది. ఇట్ల ఉరుకుడు, నడుచుడు కలిపి చేసే పద్ధతిని అమెరికా ఒలింపిక్ రన్నర్ జెఫ్ గాలోవే లోకమంత తెలిసేటట్టు చేసిండు. అలిసిపోయినంక నడుచుడు గాదు, అలిసిపోకముందే నడవాలె. రెండు నిమిషాలు ఉరుకు, ఒక నిమిషం నడువు, మల్ల ఉరుకు.

ఎంత వేగంగ ఉరకాలె అంటే, దానికి వాచీ అక్కెర లేదు. పక్కనున్నోళ్లతోని ఆగకుంట ఒక పూర్తి మాట మాట్లాడగలగాలె. "నిన్న మార్కెట్ల పత్తి రేటు ఎంత వలికింది" అని ఒక్క దమ్ముల అడగగలిగితె మీ వేగం సరైందే. నడిమిట్ల దమ్ము తెగితె ఎక్కువైనట్టు. అందుకే దీన్ని దోస్తులతోని, ఇంటోళ్లతోని చెయ్యాలంటున్న. ఒక్కడే ఉరుకుతుంటే మాట్లాడేదెవ్వలతోని?

కాకపోతే దోస్తులతోని ఒక గండం గూడ ఉన్నది. నలుగురు మొగపిల్లలు కలిస్తె అది సప్పుడు లేకుంట పోటీ అయితది. అందరిల మెల్లగ ఉరికెటోళ్లు ఎవ్వలో, ఆళ్లను ముంగట వెట్టుండ్రి. ఆళ్ల వేగమే అందరి వేగం. ఎన్క పడ్డోళ్లను చూసి నవ్విన దినం ఆ జట్టు విరిగిపోతది.

నాలుగు నెలల తయారీ

కొత్తగ మొదలువెట్టేటోళ్లకు 16 వారాలు పెట్టుకుంటె బెస్ట్. దసరా ఎన్క మొదలుపెడితె జనవరి ఆఖరుకో, ఫిబ్రవరి మొదట్లనో ఉరకొచ్చు. చల్లటి కాలం గాబట్టి పెయికి గూడ మంచిది. ఎండాకాలంల 21 కిలోమీటర్ల ముచ్చటే వద్దు.

వారానికి మూడు దినాలు అరగంట, ముప్పావు గంట చాలు. నాలుగో దినం, ఆయితారం, జర పొడుగు దూరం. మొదటి నాలుగు వారాలల్ల ఆ పొడుగు ఉరుకుడు 4 నుంచి 6 కిలోమీటర్లు. ఎనిమిదో వారానికి 10. పన్నెండో వారానికి 14, 15. పద్నాలుగో వారానికి 18. ఇగ అక్కడ ఆపాలె. ఆఖరి రెండు వారాలు తగ్గించి పెయికి ఆరాం ఇయ్యాలె. 18 చేసినోళ్లు 21 చేస్తరు, ముందుగాలనే 21 ఉరికి చూసుకునుడు అక్కెర లేదు. నడిమిట్ల ప్రతి నాలుగో వారం జర తగ్గించుండ్రి.

ఎందుకింత నిదానం అంటే, గుండె, ఊపిరితిత్తులు ఏగిరంగనే అలవాటు పడ్తయి. బొక్కలు, నరాలు, కీళ్లు గట్టిపడనీకె నెలలు వడతది. దమ్ము సరిపోతున్నదని దూరం పెంచితె పిక్క బొక్క నొస్తది, మోకాలు నొస్తది. ఇంకొక మాట, పొలం పనికి పోయినోళ్లు ఆ పనిని గూడ లెక్క కట్టాలె. పొద్దంత పత్తి ఏరి, మూటలు మోసినోళ్లకు ఆనాడు ఉరుకుడు వద్దు. అది పెయి ఆల్రెడీ చేసిన కష్టం.

అమ్మ ఎట్ల రావాలె?

అసలు ముచ్చట ఇది. ఇంటిల్లిపాది అంటే ఆడోళ్లు లేకుంట ఎట్ల?

1967ల అమెరికాల బోస్టన్ మారథాన్‌ల కాథరిన్ స్విట్జర్ అనే పిల్ల నంబర్ పెట్టుకొని ఉరికింది. అప్పట్ల ఆడోళ్లకు ఆ రేసు లేదు. నడిమిట్ల ఒక అధికారి ఉరికొచ్చి ఆమె నంబర్ గుంజనీకె చూసిండు. పక్కనే ఉరుకుతున్న ఆమె దోస్తు ఆ అధికారిని నూకేసిండు. ఆమె రేసు పూర్తి చేసింది. 1972ల ఆ రేసుల ఆడోళ్లకు అధికారికంగ జాగ దొరికింది. ఒలింపిక్స్‌ల ఆడోళ్ల మారథాన్ 1984ల గానీ రాలే. పక్కన ఉరికేటోళ్లు ఉంటే ఏమయితదో ఈ ఒక్క ముచ్చట చాలు.

మన ఊరి రోడ్డు మీద నంబర్ గుంజేటోడు లేడు. కానీ చీకటున్నది, కుక్కలున్నయి, "పొద్దుగాల పొద్దుగాల ఎటు పోతుంది" అనే నోళ్లున్నయి. ఒక్క పిల్ల ఉరికితె పది మాటలు లేస్తయి. అన్న, చెల్లె, వదినె, పక్కింటి అక్క కలిసి ఐదుగురు పోతే నాలుగు దినాలు చూస్తరు, ఐదో దినం అలవాటు పడ్తరు. ఆరో దినం ఇంకొకరు చెప్పులు తీసి బూట్లేసుకుంటరు.

మహారాష్ట్రల లతా భగవాన్ కరే అనే ఆమె, అరవై ఏండ్లు దాటినంక, పెనిమిటి వైద్యానికి పైసల్లేక బారామతిల మూడు కిలోమీటర్ల రేసుల ఉత్త కాళ్లతోని, చీర మీదనే ఉరికి గెలిచింది. ఆమె బతుకు మీద మన తెలుగు డైరెక్టర్ నవీన్ దేశబోయిన మరాఠీల సినిమా తీసిండు. అండ్ల ఆమె పాత్ర ఆమెనే చేసింది. మన ఇండ్లల్ల ఆడోళ్లకు కాళ్లల్ల సత్తువ లేక గాదు, టైం లేక ఉరుకుతలేరు. పొద్దుగాల ఐదింటికి మనం బూట్లు కట్టుకుంటుంటే ఆమె వాకిలి ఊడ్చి సాన్పి జల్లుతుంటది. "అమ్మా నువ్వు గూడ రా" అనుడు సులువే. ఆ వాకిలి ఎవ్వలు ఊడ్వాలె, పొయ్యి మీద ఎసరు ఎవ్వలు పెట్టాలె? ముందుగాల రాత్రి గిన్నెలు తోమి పెట్టుండ్రి. వారానికి నాలుగు పొద్దులు ఇంటి పని పంచుకోకుంట ఫ్యామిలీ రన్ అంటే అది ఫోటో కోసమే.

పోటీకి పోవాల్నా?

హైదరాబాద్‌ల ఏటా ఆగస్టు ఆఖరుల పెద్ద మారథాన్ అయితది, అండ్ల హాఫ్ గూడ ఉంటది. ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు, వానాకాలం ఉక్కపోత, రెండూ ఓర్చుకోవాలె. పోతే మంచిదే. కానీ నలుగురికి ఫీజు, బస్సు కిరాయి, రాత్రి ఉండనీకె జాగ అంటే వేలల్ల ఖర్చు.

పైసలు లేవని ఆగుడు ఎందుకు? మీ ఊర్లనే గీసుకోండ్రి. చెరువు కట్ట, బడి, బొడ్రాయి కలిపి 5.3 కిలోమీటర్ల చుట్టు ఒకటి బండి మీటర్‌తోని కొలువుండ్రి. నాలుగు చుట్లు తిరిగితె 21.2. ఈ చుట్టు పద్ధతిల ఒక లాభం ఉన్నది. తయారైనోళ్లు నాలుగు చుట్లు ఉరుకుతరు. అమ్మ రెండు చుట్లు నడుస్తది. బడి పిల్లలు ఒక్క చుట్టు సైకిల్ మీద వస్తరు. నాయినమ్మ మొదలు కాడ మంచమేసుకొని కూసొని నీళ్లిస్తది, లెక్క పెడతది. మెయిన్ రోడ్డు తగిలితె ఎదురొచ్చే బండ్లు కనవడేటట్టు కుడి పక్కన ఉరకాలె, తెల్ల అంగీలు ఏసుకోవాలె.

పైలం చెప్పాల్సినయి

నలభై దాటినోళ్లు, బీపీ, షుగర్ ఉన్నోళ్లు, ఇంట్ల గుండె జబ్బు ఉన్నోళ్లు మొదలువెట్టకముందే డాక్టర్‌కు చూపెట్టుకోవాలె. షుగర్ గోలీలు, ఇన్సులిన్ తీసుకునేటోళ్లకు ఉరుకుతుంటే షుగర్ పడిపోవచ్చు, డాక్టర్‌ను అడిగే దిగాలె. ఆడోళ్లు రక్తం పరీక్ష చేయించుకోవాలె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన దేశంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57 శాతం మందికి రక్తం తక్కువున్నదని తేలింది. రక్తం తక్కువుంటె దమ్ము అందది. అది బద్ధకం గాదు, జబ్బు. చిన్న పిల్లలకు 21 కిలోమీటర్లు వద్దే వద్దు.

ఛాతీల నొప్పి, కండ్లు తిరుగుడు, చల్ల చెమటలు వస్తె ఆ నిమిషమే ఆపాలె, 108కు ఫోన్ కొట్టాలె. "ఇంకొక్క కిలోమీటరే గదా" అనే దోస్తు మాట వినొద్దు. నొప్పి గోలీ మింగో, సూది ఇప్పించుకొనో ఉరుకుడు అసలే తప్పు. పెయిల నీళ్లు తగ్గినప్పుడు ఆ గోలీలు కిడ్నీలకు దెబ్బ కొడ్తయి.

నీళ్లు దూపైనప్పుడు తాగాలె. భయపడి చెంబులకు చెంబులు ఉత్త నీళ్లు తాగితె ఒంట్ల ఉప్పు పలుచబడి అది గూడ పానం మీదికే తెస్తది. లీటర్ నీళ్లల్ల ఒక ఓఆర్ఎస్ పాకెట్, లేకుంటె ఉప్పేసిన సల్ల చాలు. గంట దాటినంక ఒక అరటి పండో, పల్లిపట్టీనో తినాలె. ఒంట్ల దాచుకున్న పిండి శక్తి గంటన్నర, రెండు గంటలకే అడుగంటుతది. ఎనర్జీ డ్రింకుల జోలికి పోకుండ్రి. బూట్లు బ్రాండ్ గాకపోయినా మంచిదే, బొటనవేలు ముంగట వేలంత జాగ ఉండాలె. కొత్త బూట్లు ఆనాడే తొడగొద్దు.

పోలీసు ఈవెంట్లకు ఉరికేటోళ్లు ఉరుకుండ్రి, నౌకరీ రావాలె, కొట్టాలె. కానీ వచ్చినా రాకున్నా ఆ కాళ్లు మీయే, ఆ పొద్దు మీదే. గ్రౌండుల ఒక్కడే ఉరికేటోన్ని చూసి ఊరు "నోటిఫికేషన్ వడ్డదా" అని అడుగుతది. అమ్మతోని, చెల్లెతోని, ఇద్దరు దోస్తులతోని ఉరికేటోన్ని చూస్తె "రేపు ఎన్నింటికి పోతున్నరు" అని అడుగుతది. ఆయితారం పొద్దుగాల ఐదున్నరకు చెరువు కట్ట కాడ అని చెప్పుండ్రి.