హీరోగారి క్యారవాన్ వూగుతోంది!

తళతళలాడే అద్దాలు, చల్లని ఏసీ, మెత్తని సోఫాలు! షూటింగ్ స్పాట్‌లో క్యారవాన్ కనిపిస్తే చాలు, అభిమానుల కళ్ళన్నీ దాని తలుపు మీదే. మరి ఎప్పుడైనా వంగి ఆ బండి కింద ఏముందో చూశారా?

"ఏముంటుందండీ, టైర్లు!" అంటారా? ఆ టైర్ల పక్కనే మూరెడు పొడవు గొట్టాలుంటాయి. అవే షాక్ అబ్జార్బర్లు. డ్రైవరన్నల భాషలో 'షాకబ్జర్లు'. తెరమీద పేరు పడని నటుల్లాంటివి. కానీ అవి కాల్షీటు ఎగ్గొడితే కథే అడ్డం తిరుగుతుంది!

రథమే ఇల్లు, రథమే వేదిక

ఇంటిని చక్రాలమీద పెట్టుకు తిరగడం మన తారలకు కొత్తేమీ కాదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావుగారు, పాత షెవర్లే వ్యాను ఒకటి మార్పించి 'చైతన్య రథం' అన్నారు. తిండీ నిద్రా చాలావరకు అందులోనే. పైకెక్కి నిలబడితే అదే వేదిక! స్టీరింగ్ పట్టింది కుమారుడు హరికృష్ణ. పల్లె పల్లె తిరిగిన ఆ ప్రయాణం 1983 జనవరి 9న ముఖ్యమంత్రి పీఠం దాకా సాగింది. 2019లో వచ్చిన 'ఎన్టీఆర్ మహానాయకుడు'లో హరికృష్ణ పాత్రను ఆయన కుమారుడు కళ్యాణ్‌రామ్ వేశారు.

పాత బండి, పైన మనుషుల బరువు, కింద గతుకుల బాట. ఇప్పటి పాత క్యారవాన్ల కష్టమూ ఇదే!

ఎల్లారెడ్డి దారిలో...

హైదరాబాదు నుంచి అలాంటి బండి ఒకటి నిజాంసాగర్ దగ్గర పాట షూటింగుకి బయల్దేరిందనుకోండి. కామారెడ్డి దాకా 44వ నెంబరు జాతీయ రహదారి. అక్కడ ఎడమకు తిరిగి ఎల్లారెడ్డి దారి పట్టాకే అసలు పరీక్ష. స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టుల దగ్గర ఎత్తుపల్లాలు, ఎదురుగా దూసుకొచ్చే ధాన్యం లారీలు. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోతకు కామారెడ్డి జిల్లాలో రోడ్లు చాలాచోట్ల కోతకు గురయ్యాయి కూడా.

గుంతలో పడ్డ చక్రం దెబ్బను మొదట ఓర్చుకునేవి కమాన్ పట్టీలు. అయితే ఒకసారి వూగిన పట్టీ తనంతట తాను తొందరగా ఆగదు. దాన్ని ఆపేది షాకబ్జర్. లోపల నూనె వుంటుంది. పిస్టన్ కదిలినప్పుడల్లా ఆ నూనె సన్నని రంధ్రాల గుండా దూరి వెళ్ళాలి. ఆ పెనుగులాటలో వూపు కాస్తా వేడిగా మారిపోతుంది. అంతే, రహస్యం!

లారీకి సరుకు దింపితే విశ్రాంతి. క్యారవాన్‌కి అదీ లేదు. జనరేటరు, నీళ్ళ ట్యాంకు, బీరువాలు, ఏసీ రాత్రింబవళ్ళు మోయాల్సిందే. పైగా పనిలేక నెలల తరబడి ఎండలో నిలబడితే రబ్బరు బుష్‌లు పగుళ్ళిస్తాయి.

చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

గొట్టం మీద నూనె కారిన జాడ. టైరు అక్కడక్కడా గుంటలుగా అరగడం. బ్రేకు వేస్తే ముందుభాగం ముక్కుమీద పడ్డట్టు వంగడం. లారీ పక్కనుంచి వెళ్తే బండి తూలడం. గతుకు దాటాక కూడా వుయ్యాలలా వూగుతూనే వుండటం. ఇది ఒళ్ళు నొప్పులతో పోయే సంగతి కాదు సుమండీ! టైరు రోడ్డును వదిలి ఎగిరితే బ్రేకు పట్టేదెక్కడ?

మార్చడం చూడ్డానికి సులువే. నేల చదునుగా వుండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకూడదు, స్టాండ్లు వుండి తీరాలి. తుప్పుపట్టిన బోల్టులకు ముందురోజే నూనె పట్టిస్తే పానాకు లొంగుతాయి. ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే ఎడ్లజతలో ఒకటి కుంటినట్టే! పాత మోడలుకు అదే పేరుగల సరుకు దొరకకపోతే మూసినప్పటి పొడవు, సాగినప్పటి పొడవు, బిగించే చెవులు, మోసే బరువు అన్నీ సరిచూడాలి. బుష్‌ల బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాలమీద పడ్డాకే. లేకపోతే రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది.

ఇంతకీ ఎవరికోసం?

హీరోగారు చాలాసార్లు కారులో వెళ్ళిపోతారు. తెల్లవారుజామున క్యారవాన్‌లో కునికిపాట్లు పడుతూ వచ్చేది అసిస్టెంట్లు, కన్ను మూయకుండా నడిపేది డ్రైవరు. బండికి కొత్త సోఫా, కొత్త రంగు అంటే యజమానులు వెంటనే సరేనంటారు. కింద గొట్టాలంటే "వచ్చే నెల చూద్దాంలే!" అని వాయిదా. సోఫా పాతబడితే హీరోగారు చిరాకుపడతారు, అంతే. షాకబ్జర్ పోతే మాత్రం పేరు పడని నలుగురి ప్రాణాలమీదికి వస్తుంది!

యీసారి మీ వూళ్ళో షూటింగు జరిగితే హీరోగారికి చెయ్యి వూపండి. ఆ తర్వాత డ్రైవరన్నను కూడా ఒకమాట అడగండి: "అన్నా, బండి బాగా వూగుతోందా?"