పక్షులకు శిక్షణము

గోదావరి నడుమ పట్టిసీమలో దేవకూటాద్రిపై వీరభద్రస్వామి ఆలయము కలదు. మహాశివరాత్రికి అచ్చట గొప్ప తీర్థము జరుగును. ఇట్టి తీర్థములలో చిలుకచే చీటి తీయించి జోస్యము చెప్పువారు పూర్వము తరచుగా కనబడుచుండిరి. చిలుకకు జోస్యము తెలియదు. చీటి తీసినచో వడ్లగింజ లభించునని మాత్రమే దానికి తెలియును. పని చేసిన వెంటనే బహుమానము లభించుటయే పక్షిశిక్షణమునకు మూలము. ఆలస్యమైనచో అది దేనికి లభించినదో పక్షి గ్రహింపజాలదు.

1943లో స్కిన్నరు అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పావురమునకు చెక్కబంతిని ముక్కుతో దొర్లించుట నేర్పెను. అది మొదట బంతివైపు చూచినంతనే గింజ నిచ్చెను. పిదప సమీపించినప్పుడు, తుదకు ముక్కుతో తాకినప్పుడు మాత్రమే యిచ్చెను. ఇట్లు మెట్టుమెట్టుగా విద్య అలవడెను.

కావున శిక్షణమునకై పుస్తకమునుగాని గురువునుగాని ఎన్నుకొనువారు ముందుగా ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ పద్ధతి గింజతో నేర్పునా, బెదరింపుతో నేర్పునా? కొట్టుమనియు అదలించుమనియు చెప్పు పద్ధతిని విడువవలెను. బెదరిన పక్షి మనిషి చేతిని చూచి తొలగును. దానికి ఏ విద్యయు అంటదు.

పక్షిని ఎన్నుకొనుటయందును వివేకము వలయును. రామచిలుకను పట్టుటయు, పంజరమున నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి నేరము. జోస్యపు చిలుకయు ఈ నిషేధమునకు లోబడినదే. పెంపుడు పావురమునకైనచో నిశ్చింతగా విద్య నేర్పవచ్చును. రామచిలుక అందము చెట్టుకొమ్మపైననే చూడదగినది.