పనిలోనున్న మనిషి ఛాయాచిత్రము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పెక్కిండ్ల గోడలపై గతించినవారి ఛాయాచిత్రములు వ్రేలాడుచుండును. మెడ బిగించి, ఊపిరి బిగబట్టి, రెప్పవేయక మనవంక చూచు ముఖములవి. ఎరిగినవారు వానిని చూచి, "రూపము ఆతనిదే కాని, మనిషి ఆతడు కాడు" అందురు.

ఆ బిగువునకు పూర్వమొక కారణముండెను. సికిందరాబాదున చిత్రశాల నడపిన రాజా దీనదయాళు (1844–1905) నాటి కెమెరా పెద్ద పెట్టె. అందలి గాజుపలకపై రూపము పడవలెను. కూర్చున్నవాడు కదలినచో అది చెదరును. 1925లో జర్మనీ దేశమున లైకా యను చిన్న కెమెరా అమ్మకమునకు వచ్చిన పిదప ఆ నిర్బంధము సడలెను. ఫ్రెంచివాడగు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ (1908–2004) దానిని చేతబట్టి, మనుష్యులను వారి సహజస్థితియందే చిత్రించి ప్రఖ్యాతి గాంచెను. నేడు మన మనుమల చేతనున్న ఫోను అంతకంటెను తేలికయైనది. అయినను వారు "తాతా, కదలకు, ఇటు చూడు" అనుట మానలేదు.

గద్వాల నేతగానినే తీసికొందము. నూలు చీరకు పట్టు అంచు కూర్చు నిపుణుడాతడు. గుంటమగ్గమున కాళ్లు గుంటలోనికి వ్రేలవైచి కూర్చుండును. మనము నిలుచుండి తీసినచో నడినెత్తియే కనబడును. కావున నేలపై కూర్చుండి, కెమెరాను ఆతని కంటి యెత్తునకు తేవలెను. వాకిటి వెలుగు ముఖముపై ఒక ప్రక్కనుండి పడవలెను. వెనుకనుండి వచ్చినచో ముఖము నల్లబడును. వెనుకనున్న గుంజ తలపై మొలిచినట్లు కనబడినచో, మనమొక అడుగు ప్రక్కకు జరిగిన చాలును. ముఖమును సరిగా నడుమ నిలుపక, ఆతడు చూచు వైపున కొంత చోటు విడువవలెను. అప్పుడు చూపునకు దారి దొరకును. చేతులను మణికట్టుకడ తెగనీయక, నాడెతో కూడ చూపవలెను. ఆతని బ్రతుకంతయు ఆ చేతులలోనే యున్నది.

ఇవన్నియు సరిచూచుకొని వేచియుండవలెను. మొదట ఆతడు తలగుడ్డ సర్దుకొనును. మనవంక చూచి నవ్వును. కొంతసేపటికి మనలను మరచి పడుగువైపు వంగును. తీయవలసిన క్షణమదియే.

అట్లని ఇది దొంగచాటు పని కారాదు. ముందుగా అనుమతి యడుగవలెను, తీసినదానిని చూపవలెను, వలదన్నచో చెరిపివేయవలెను.

పెద్దలారా! రేపు గోడకెక్కునది మీ చిత్రమే. మనుమడు ఫోను పట్టుకొని వచ్చినపుడు లేచి చొక్కా మార్చుకొనకుడు. చేయుచున్న పని విడువకుడు. మీరెట్టివారో పుట్టబోవువారికి ఆ చిత్రమువలననే తెలియవలసియున్నది.